బండచుక్కకి తలో చెంబు

చిన్న కథేనండి. లోవమ్మ టీ గ్లాసు కడిగి బోర్లించేలోపు అయిపోతుంది. లోవమ్మ గ్లాసు కడగడం మీరు చూసుండరు. ఒక్క ముంచు, ఒక్క దులుపు. ముందు తాగినవాడి టీ రుచి తర్వాతవాడికి ఉచితం. కాలవ గట్టు మీద, బస్సులు ఆగే చోట ఆవిడ బడ్డీ. రోడ్డు దాటితే రేవు మెట్లు, మెట్ల కింద కాలవ.

నా పేరు వీరబాబు. టీవీఎస్ బండి వెనక ఐసు పెట్టె కట్టుకుని సామర్లకోట నుంచి పెద్దాపురం దాకా ఊరూరా చేపలమ్ముతాను. కార్తీక మాసం వచ్చిందంటే ఈ చుట్టుపక్కల జనమంతా శివుడి మీద భక్తితో నీచు మానేస్తారు. ఆ నెల్లాళ్లూ నా బండికి విశ్రాంతి, నా నోటికి పని. పొద్దున్నే వచ్చి లోవమ్మ బడ్డీ బల్ల మీద కూర్చుంటాను. బల్ల మీద రోజూ ఉండే ఇంకొకాయన పల్లంరాజు గారు. కాలవ లస్కరుగా చేసి రిటైరయ్యారు. తలుపులెత్తి నీళ్లు వదలడం, దించి ఆపడం, అదీ ఉద్యోగం. ఇప్పటికీ వాన పడితే తనే వదిలినట్టు మొహం పెడతారు. మూడోవాడు మురళీకృష్ణ. కాకినాడ ఎరువుల కంపెనీలో పని. కంపెనీ బస్సు కోసం నిలబడీ నిలబడీ, నిలబడే నిద్రపోవడం నేర్చుకున్నాడు, గుర్రంలాగా.

కథేంటంటే... ఉండండి, ముందు అప్పాజీ గారి సంగతి చెప్పాలి.

అప్పాజీ గారు రైతు. మాట పొదుపు మనిషి. ఆయన మాటలన్నీ ఆయన భార్య సంపూర్ణమ్మ గారే మాట్లాడేవారు. "పంటెలా ఉందండీ అప్పాజీ గారూ?" అని మనం వీధిలోంచి అడిగితే, "బాగుందండీ, ఎలకలే ఎక్కువగా ఉన్నాయి" అని వంటింట్లోంచి ఆవిడ గొంతు వచ్చేది. ఆయన తలూపేవారు. లోవమ్మ బడ్డీకి పాలు పోసేది ఆవిడే. దసరా వెళ్లాక ఒకరోజు పాలు పోసి ఇంటికెళ్లి, గుండె పట్టుకుని కూర్చున్నారట. కాకినాడ తీసుకెళ్తుంటే దారిలోనే పోయారు. పెద్దకార్యం నాడు భోజనాలకి లేవండని అప్పాజీ గారు అందరితో అన్నారు. ఆ తర్వాత ఆయన నోట మాట విన్నవాళ్లు లేరు. ఒక్కతే కూతురు నాగదుర్గ, కాకినాడలో ఉంటుంది. తనతో రమ్మంటే తల అడ్డంగా ఊపారు. ఆ పిల్ల రోజూ లోవమ్మకి ఫోను చేసేది, "పిన్నీ, నాన్నని కాస్త కనిపెట్టి ఉండండి" అని.

ఆ రోజు మేం వచ్చే ఆదివారం వనభోజనాల గురించి మాట్లాడుకుంటున్నాం. అప్పుడే లోవమ్మ ఫోను మోగింది. నాగదుర్గ. రాత్రి నుంచి నాన్న ఫోనెత్తడం లేదట. బయల్దేరాను, సామర్లకోటలో ఆటో ఎక్కుతున్నాను, ఎక్కడైనా కనిపిస్తే వదలకండి పిన్నీ, అంటోంది. లోవమ్మ ఫోను చెవి దగ్గర ఉండగానే అప్పాజీ గారు గట్టు మీద వస్తూ కనిపించారు. ఉతికిన పంచె కట్టారు. గుండెకి ఆనించుకుని ఏదో పట్టుకున్నారు, దాని మీద తువ్వాలు కప్పి ఉంది. ఎవరి వైపూ చూడకుండా రోడ్డు మీదికి నడుస్తున్నారు. రోడ్డవతల రేవు. కాలవ నిండుగా ఉంది.

లోవమ్మ నా వైపు చూసింది. తిట్టడానికి కాకుండా ఆవిడ నా వైపు చూడడం అదే మొదలు. ఆపు, అని ఆ చూపు. నాకు మనిషిని ఆపడం ఒక్క రకంగానే తెలుసు.

"అప్పాజీ గారూ, రండి, కూర్చోండి. చిన్న కథ చెప్తాను. టీ చల్లారేలోపు అయిపోతుంది."

పల్లంరాజు గారు జరిగి చోటిచ్చారు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాం. ఆయన ఆ కప్పిందాన్ని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద ఉంచారు. లోవమ్మ టీ ఇచ్చింది. నాగదుర్గ వచ్చేదాకా కథ సాగాలి. ఏ కథ? నోట్లో వనభోజనాలే ఉన్నాయి, అవే వచ్చాయి.

"పోయిన కార్తీకంలో వ్యాను కట్టించుకుని ఏజెన్సీకి వెళ్లాం కదండీ. అక్కడ నేను కొండెక్కాను. ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు."

"నువ్వా?" అంది లోవమ్మ.

"నేనే. ఏ కొండో పేరు చెప్పను, చెబితే మురళీకృష్ణ వెళ్లి దానికీ యూరియా చల్లొస్తాడు. వ్యాను దిగీ దిగగానే బండ మీద నీలంగా చుక్కలా కనిపించింది. ఇంతే, నా బొటనవేలి గోరంత. మనకి విస్తరాకులు తెచ్చిచ్చినాయన అన్నాడు, అది బండచుక్కండీ, ఎక్కడా దొరకదు, ఈ కొండ మీదా ఆ ఒక్క బండకే ఉంటుంది అని."

"రాతిపువ్వే కదా? బిరియానీలో వేస్తాం. కిరాణా కొట్లో దొరుకుతుంది."

"అది వేరు లోవమ్మక్కా. నువ్వు టీలో వేశానంటావే యాలక్కాయ, అంత అరుదైంది ఇది. సరే, ఎక్కుదామనుకున్నాను. ఎత్తెంతండీ? తాడిచెట్టంత. అంతే."

"గట్టెక్కితేనే రొప్పుతావు కదరా," అన్నారు పల్లంరాజు గారు.

"తాడిచెట్టంత అని దూరం నుంచి అనిపించింది. దగ్గరికెళ్తే తెలిసింది, అది కొండకి మోకాలని. మోకాలి పైన తొడ, తొడ పైన నడుము, నడుము పైన మబ్బు. మబ్బు పైన ఏముందో మబ్బుకే తెలియాలి. నున్నటి బండ, కాలు పెడితే జారడమే. అప్పుడు నేనేం చేశానో తెలుసా?"

"వంటల దగ్గరికి తిరిగొచ్చావు బాబాయ్," అన్నాడు మురళీకృష్ణ కళ్లు మూసుకునే.

"వ్యానులో నా విసురువల ఉంది."

"వనభోజనాలకి వలెందుకు?"

"నువ్వు నిద్ర లేకుండా ఎక్కడికైనా కదుల్తావా? నేనూ అంతే. వల భుజాన వేసుకుని, మా తాత నేర్పినట్టు మడమ మీద గిర్రున తిరిగి విసిరాను. వల వెళ్లింది. వెళ్లింది. వెళ్తానే ఉంది. నేను కూర్చుని చుట్ట కాల్చుకున్నాను. ఇంకా వెళ్తానే ఉంది. చుట్ట అయిపోయాక పైనెక్కడో వల గుండ్లు మోగాయి, కొండ కొసకి చుట్టుకుంది. గట్టిగా ఉందో లేదోనని తాడు లాగి చూశాను. కొండ ఇటు వంగింది. అమ్మో, కింద మనవాళ్లు పులిహోర కలుపుతున్నారు, మీద పడితే ఎలాగని మెల్లిగా వదిలాను. మళ్లీ నిటారుగా నిలబడింది. ఇక తాడు పట్టుకుని ఎక్కడమే."

నేను రోడ్డు వైపు చూశాను. ఆటో జాడ లేదు. అప్పాజీ గారి టీ మీద మీగడ కట్టింది. ఇంకా సాగదీయాలి.

"సగం దూరంలో అడ్డంగా చిరుతపులి పడుకుని ఉందండి. పక్కకి జరిగే దారి లేదు. నా దగ్గర ఐసులో చుట్టిన పులస ముక్క ఉంది."

"కార్తీకంలో పులసెక్కడిదిరా? వరద ఎర్రనీళ్లతో వచ్చి ఎర్రనీళ్లతోనే పోతుంది," అన్నారు పల్లంరాజు గారు. నీళ్ల సంగతంటే ఆయన ఊరుకోలేరు.

"అందుకే కదండీ దాచాను. ఆ ముక్క తీసి పులి ముందు పెట్టాను. పులి చూసింది. వాసన చూసింది. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరిగి, మొహం అటు తిప్పేసుకుంది. ఏంటండీ, తినరా? అన్నాను. కార్తీక మాసమండీ, నీచు ముట్టను, అంది."

మురళీకృష్ణ కళ్లు తెరిచాడు. లోవమ్మ పైటకొంగు నోటికడ్డం పెట్టుకుంది. నాకు నిజంగానే కడుపు మండింది. ఆఖరికి పులి దగ్గర కూడా నా వ్యాపారం సాగలేదు. అప్పాజీ గారి మొహంలో మాత్రం ఏమీ లేదు.

అంతలో గోకవరం బస్సొచ్చి ఆగింది. బస్సు చప్పుడికి ఆయన చటుక్కున లేచి నిలబడ్డారు, తువ్వాలు కింద ఉన్నదాన్ని గుండెకి అదుముకుని. లేస్తే నేరుగా రేవు మెట్లే. నేను ఒక చెయ్యి పట్టుకున్నాను, పల్లంరాజు గారు రెండో భుజం పట్టుకున్నారు.

"కూర్చోండి కూర్చోండి, అసలు కథ ఇప్పుడే. పులి నాకు దారిచ్చింది, ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఆయన నోరు తెరిచారు. నేను ఇంకా గట్టిగా మాట్లాడాను. నోరు మూసుకుని కూర్చున్నారు. బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. నా పట్టు ఎంత గట్టిదో చూశారా అన్నట్టు నేను లోవమ్మ వైపు చూశాను.

"మబ్బు చీల్చుకుని పైకెళ్లాను. అక్కడొక విమానం వెళ్తోంది. అందులో అమ్మాయి కిటికీలోంచి టీ కావాలా అండీ అనడిగింది. తాగాను. లోవమ్మ టీ కంటే బాగుంది."

"వెళ్లి అక్కడే తాగు."

"వినక్కా. కొండ కొస మీద నిలబడి చూస్తే ఇటంతా కనిపించింది. కాకినాడ రేవులో ఓడలు, వరసగా అగ్గిపెట్టెల్లా. భీమేశ్వరుడి గుడి. మన కాలవ, నారతాడు ముక్కలాగ. కాలవ పక్కన నువ్వు, పాలగిన్నెలో నీళ్ల చెంబు ఒంపుతున్నావు."

"అబద్ధం! ఆ రోజు నేను మీతో వనభోజనాలకొచ్చానే!"

"అంత ఎత్తు నుంచి చూస్తే ముందు రోజు కూడా కనిపిస్తుందక్కా."

ఆ మాటకి అప్పాజీ గారు తలెత్తారు. తిన్నగా నా మొహంలోకి చూశారు. పెద్దకార్యం తర్వాత ఆయన ఒకరి మొహం చూడడం అదే అనుకుంటాను. ఇంక నేనాగలేదు.

"ముందు రోజు, దాని ముందు రోజు, అంతకు ముందువి, అన్నీ దండెం మీద ఆరేసిన బట్టల్లా వరసగా కనిపించాయండీ. ఎవరెవరు ఏ రోజు ఎక్కడున్నారో అన్నీ. కిందికి చూస్తే బండ మొదట్లో సంపూర్ణమ్మ గారు..."

లోవమ్మ గరిటె గిన్నెలో పడేసింది. నా నోటికి బ్రేకుల్లేవని ఆవిడ ఎప్పుడూ అనేదే.

"...సంపూర్ణమ్మ గారు కళ్లకి చెయ్యడ్డం పెట్టుకుని పైకి చూస్తున్నారు. ఆవిడ కోసమే ఆ మొక్క వేరుతో సహా పీకాను. పీకగానే కొండ అమ్మా అంది. జర్రున జారుకుంటూ దిగాను, పులిహోరకి ఇంకా తాలింపు పడలేదు. తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. వీరబాబూ, నీలాంటి వీరుడు ఈ గోదావరి జిల్లాల్లోనే లేడు అన్నారు."

"ఆ రోజు నువ్వు వంకాయలు తరిగావు."

ఎవరన్నారో ఒక్క క్షణం తెలియలేదు. చాన్నాళ్లు వాడని గిలకలా ఉంది గొంతు. అప్పాజీ గారే.

"ముచికలు తియ్యకుండా తరిగావు. ఆవిడ నిన్ను కేకలేసింది."

నిజమే. వేశారు.

"నేనెక్కాను," అన్నారాయన. "బండ అంత ఎత్తేం లేదు. మా డాబా అంత. మీరంతా పేకాడుకుంటున్నారు."

"మోకాళ్లు చెక్కుకుపోయి కనిపించారు, ఆ రోజేనా?" అన్నారు పల్లంరాజు గారు.

"ఆ రోజే. తాగి పడ్డానన్నారు."

ఆ మాట ఊళ్లోకి తెచ్చింది నేనే. అప్పుడు ఎవరూ నా వైపు చూడలేదు. మంచివాళ్లు.

"కిందికి తెచ్చేసరికి పువ్వు ముడుచుకుపోయింది. పొద్దున్న ఒక్క పూటే ఉంటుందట. ఆవిడ కింద నుంచి చూసిందే తప్ప దగ్గరగా చూడలేదు. మళ్లీ పూస్తుందిలే, అప్పుడు చూద్దువు గాని అన్నాను."

ఆ మొక్క సంగతి మా అందరికీ తెలుసు. విస్తరాకులాయన ఇచ్చాడేమో అనుకున్నాం, సంపూర్ణమ్మ గారు చెప్పలేదు, మేం అడగలేదు. సలహాలు మాత్రం అడక్కుండానే ఇచ్చాం. మా ప్రాంతంలో మొక్కంటే మట్టీ, నీళ్లూనే. చేలోంచి ఒండ్రుమట్టి తెచ్చి కుండీ నింపారు ఆవిడ. పై నుంచి పశువుల గెత్తం వేశారు. ముప్పై ఏళ్లు నీళ్లు వదిలినవాణ్ణి చెప్తున్నాను, రెండు పూటలా పొయ్యమ్మా అన్నారు పల్లంరాజు గారు. మురళీకృష్ణ కంపెనీవాడి హోదాలో గుప్పెడు యూరియా ఇచ్చాడు. నేను చేపలు కడిగిన నీళ్లు తెచ్చిచ్చాను. గ్లాసులు కడిగిన నీళ్లు తీసుకెళ్లమంది లోవమ్మ. తలో చెంబు పోశాం. మొక్క తోటకూరలా ఏపుగా పెరిగింది, పువ్వు మాత్రం లేదు. ఆవిడ రోజూ పొద్దున్నే ఆకులు విడదీసి చూసుకుని, పాలు తెచ్చి, "ఇవాళా లేదు లోవమ్మా" అనేవారు. ఇంకొంచెం నీళ్లు పొయ్యండని మేం అనేవాళ్లం.

అప్పాజీ గారు తువ్వాలు తీశారు.

కుండీ. మట్టి నెర్రెలిచ్చి ఉంది. ఆ ఏపు ఆకులన్నీ ఎండి రాలిపోయి, ఈనెల్లాంటి రెమ్మలు నాలుగు మిగిలాయి. నడిమి రెమ్మ కొసన ఒకటే పువ్వు. నీలం. నా బొటనవేలి గోరంత. నా కథ మొత్తంలో నిజమంటే ఆ కొలతే.

"ఆవిడ పోయాక నీళ్లు పొయ్యడం మర్చిపోయాను," అన్నారు. "పొద్దున్న లేచి చూస్తే పూసింది."

లోవమ్మ చెయ్యి అప్పటికే నీళ్ల చెంబు మీద ఉంది, అలవాటుగా. తీసేసింది. పల్లంరాజు గారు కాలవ వైపు చూస్తూ కూర్చున్నారు. కంపెనీ బస్సొచ్చి హారన్ కొట్టింది. మురళీకృష్ణ వెళ్లలేదు. కాసేపు చూసి అదే పోయింది.

"గోకవరం బస్సు మళ్లీ ఎప్పుడు?" అని అడిగారు అప్పాజీ గారు.

మేం నలుగురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం.

"ఆ బండ దగ్గర, ఆవిడ కూర్చున్న చోట పెడదామని," అన్నారు. "పూసి ఉండగా."

"మరి చెప్పొచ్చు కదండీ!" అన్నాను.

"చెబ్దామనే నోరు తెరిచాను. నువ్వు ఆపితే కదా."

"మధ్యాహ్నం ఇంకో బస్సుందండీ," అంది లోవమ్మ.

"మధ్యాహ్నానికి ఇది ఉండదు."

నా టీవీఎస్ తీస్తాను, వెనక కూర్చోండి, అన్నాను. ఎండెక్కేసరికి జగ్గంపేట కూడా దాటం బాబాయ్, అన్నాడు మురళీకృష్ణ. వాడు నిద్రలో తప్ప మెలకువలో తప్పు చెప్పడు.

అప్పుడొచ్చింది నాగదుర్గ ఆటో. ఆ పిల్ల దిగుతూనే పరుగెత్తుకొచ్చి తండ్రి భుజాలు తడిమి చూసింది. తడిగా లేవని తెలుసుకున్నాక ఏడవడం మొదలుపెట్టింది.

"ఏడవకు," అన్నారాయన. "పువ్వు చూడు. మీ అమ్మ పెంచింది."

ఆ పిల్ల కళ్లు తుడుచుకుని చూసింది. మేమూ చూశాం. బడ్డీ రేకు మీద ఎండ పాకుతోంది. మేం చూస్తుండగానే పువ్వు రేకు ఒకటి మడత పడింది, దాని పక్కది పడింది, తర్వాత అన్నీ. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. నేను కూడా. అది మాత్రం మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆదివారం వ్యానులో అప్పాజీ గారూ వచ్చారు, కుండీ ఒళ్లో పెట్టుకుని. ఆ రోజు వంకాయలు ఆయనే తరిగారు, ముచికలు తీసి మరీ. తరిగాక లేచి ఆ బండ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. ఎక్కడానికి మోకాళ్లు సహకరించలేదు. కుండీ తెచ్చి నా చేతిలో పెట్టారు.

"ఎక్కినవాడివి కదా," అన్నారు.

ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఎక్కానండి. ఈ మాట ఎవరూ నమ్మరు. ఈసారి వల ఎంతసేపు వెళ్లింది అంటుంది లోవమ్మ. డాబా అంతే ఎత్తు. రెండుసార్లు జారాను. పైన ఇంకో బండచుక్క ఉందేమోనని అంతా వెతికాను. లేదు. అక్కడ నిలబడి కిందికి కూడా చూశాను. పులిహోర గిన్నె, వ్యాను, చెయ్యడ్డం పెట్టుకుని పైకి చూస్తున్న అప్పాజీ గారు. ముందు రోజులేవీ కనిపించలేదు. ఒక పగులు చూసి మొక్కని అందులో పెట్టాను. నీళ్లు పొయ్యలేదు.